నాలుగో నక్షత్రం: పేరు రాయని పూలకుండీలు

కిందటి వారం ఇన్‌సున్‌ని వంటింట్లో వదిలి వచ్చాం. పొయ్యి మీద పులుసు పొంగి పొర్లుతున్నా ఆమె కదల్లేదు, టీవీ వైపు చూస్తూ నిలబడిపోయింది. గద్దెనెక్కి మూడు నెలలైనా కాని కొత్త అధ్యక్షుడు సైన్యంలో పై కుర్చీలన్నిటినీ ఒక్క సంతకంతో ఖాళీ చేయించాడు. నాలుగు నక్షత్రాల జనరల్స్ అందరూ ఇంటిదారి పట్టారు. కొత్త సైన్యాధిపతిగా లెఫ్టినెంట్ జనరల్ ప్యో తేగ్యు పేరు చదివారు. తేగ్యు ఇన్‌సున్‌కి సొంత తమ్ముడు. ఆ కుర్చీ మాత్రం ఆమె భర్త యోమ్ దోక్‌సుకి వస్తుందని ఆమే కాదు, ఆయన కింద ఈ సరిహద్దు కొండల్లో పనిచేస్తున్న దళమంతా అనుకుంటూ ఉంది.

ఇక్కడి సైన్యంలో ఏ పుస్తకంలోనూ రాయని రూలు ఒకటుంది. కింది బ్యాచ్ వాడు పైకెక్కితే పై బ్యాచ్‌ల వాళ్ళు యూనిఫాం విప్పి వెళ్ళిపోవాలి. ఎవరూ పొమ్మనరు. పొమ్మనిపించుకునేదాకా ఉండటమే పరువు తక్కువ. అకాడమీలో దోక్‌సు బావమరిదికన్నా ఐదు బ్యాచ్‌లు పెద్ద. కాబట్టి తమ్ముడి పేరు చదివిన క్షణానే భర్త ఉద్యోగం పోయింది. దాన్ని టీవీలో చెప్పనక్కర్లేదు, చెప్పలేదు కూడా.

మర్నాడు పొద్దున ఇన్‌సున్ ఎప్పటిలాగే లేచి, క్వార్టర్స్ ముందు చాపలు పరిచి మిరపకాయలు ఆరబోసింది. చలికాలానికి పెట్టే కిమ్చీ పచ్చడికి కావలసిన కారం ఆమె బయట కొనదు. రాత్రి నిద్రపట్టింది, పొద్దున ఆకలేసింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది గానీ రాలేదు. సంతోషం కోసం కూడా చూసింది, తమ్ముడు కదా. అదీ రాలేదు. పన్ను పీకించుకున్నాక చెంప తడుముకుంటే ఎవరి చెంపో అనిపిస్తుందే, ఆమెకి ఒళ్ళంతా అలా ఉంది.

దోక్‌సు కూడా వచ్చి పక్కన గొంతుక్కూర్చుని కాయలు తిరగేస్తున్నాడు. యూనిఫాం వేసుకునే ఉన్నాడు.

"ఆఫీసుకి వెళ్ళరా?"

"వెళ్తాను. ఏ మొహం పెట్టుకుని నన్ను పలకరించాలో వాళ్ళు తేల్చుకోవాలి కదా. కాస్త టైమివ్వాలి."

"రాజీనామా కాగితం ఇచ్చేస్తారా?"

"పొద్దున్నే పంపించేశాను. రేపు మైదానంలో దళానికి వీడ్కోలు చెప్పేస్తాను. వెళ్ళేవాడు గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పకూడదు." ఆయన తొడిమ ఊడిన కాయ ఒకటి ఏరి పక్కన పెట్టాడు. "నీ నీలం కోటు తీసి పెట్టుకో. రేపు గాలి ఎక్కువుంటుందన్నారు."

వీడ్కోలు రోజున దళాధిపతి పక్కన భార్య నిలబడాలి. ఆమె సరేనంది. ఆయన చేతులు దులుపుకుని కారెక్కాడు.

ఆయన కారు అటు మలుపు తిరిగిందో లేదో, ఇటు ఊళ్ళోని పూల దుకాణం వ్యాను వచ్చి ఆగింది. పెళ్ళికీ చావుకీ డబ్బు పెట్టిన కవరు ఎలాగో, అధికారికి పై పదవి వస్తే ఆర్కిడ్ కుండీ అలాగ. దానికొక వెడల్పాటి రిబ్బను ఉంటుంది. రిబ్బను మీద ఒక పక్క అభినందన, ఇంకో పక్క పంపినవాడి హోదా, పేరు రాసి ఉంటాయి. ఆ రెండో పక్క కోసమే కుండీ పంపుతారని అందరికీ తెలుసు. పువ్వు రంగేమిటో ఎవరూ చూడరు.

పాపం, దళంలోని అధికారులకి ఆ రోజు వచ్చినంత కష్టం పగవాడికి కూడా రాకూడదు. ఇన్‌సున్ కొత్త సైన్యాధిపతి అక్కగారు, కుండీ పంపకపోతే తప్పు. అదే ఇన్‌సున్ పదవి పోయిన దళాధిపతి భార్య, అభినందనలు పంపితే ఇంకా పెద్ద తప్పు. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. రాత్రంతా బుర్రలు బద్దలు కొట్టుకుని, చివరికి ఒకరికి తెలియకుండా ఒకరు అందరూ ఒకే ఉపాయం కనిపెట్టారు. రిబ్బన్ల మీద ఏమీ రాయించలేదు. వరండా నిండా ఆర్కిడ్‌లు, అన్నిటికీ ఖాళీ రిబ్బన్లు. వ్యాను అతను మాత్రం ఒక్కో కుండీ దింపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి పంపినవారి పేరు చెబుతున్నాడు.

"నోటితో చెప్పమన్నారమ్మా. రాతలో వద్దన్నారు."

"సరేనయ్యా. విన్నానని చెప్పు. అదీ నోటితోనే చెప్పు."

దోక్‌సు కింద పనిచేసే కల్నల్ భార్య బోక్‌హీ తన కుండీ తనే చంకన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర నవ్వు మొహంతో కనిపించిన మనిషి, వరండా ఎక్కేసరికి దిగులు మొహం పెట్టింది. ఇన్‌సున్ తలెత్తి చూడగానే రెండూ కలగలిసిపోయాయి.

"అమ్మగారూ, ఏమనాలో తెలీట్లేదు."

"ఏదో ఒకటి అను బోక్‌హీ. నువ్వంటే విని, అలాగే అనుకుంటాను. నాకూ తెలీట్లేదు."

"మావారేమో, సగం మొహం నవ్వు పెట్టుకో, సగం విచారంగా ఉండు అన్నారు."

"ఏ సగం ఏదో కూడా చెప్పి పంపాల్సింది."

బోక్‌హీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వినందుకు భయపడింది. తర్వాత కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, వచ్చే బదిలీల్లో మావారికి సియోల్ దగ్గర ఏదైనా వస్తే పిల్లకి చదువు బాగుంటుందండీ అంది. సైన్యాధిపతి అక్కగారితో అన్న మాట అది. ఇన్‌సున్ విననట్టు ఊరుకుంది. ఇన్నేళ్ళు ఇలాంటి మాటలు విననట్టు ఊరుకోవడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి.

బోక్‌హీ వెళ్ళాక వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి ఒకటే కుండీ, మిగతావాటికి రెండింతలుంది. దాని రిబ్బను ఖాళీగా లేదు. బంగారు రంగు అక్షరాలతో 'సైన్యాధిపతి యోమ్ దోక్‌సు గారికి హృదయపూర్వక అభినందనలు' అని ఉంది. ఇన్‌సున్ దాన్ని రెండుసార్లు చదివింది.

"పేరు తప్పు పడిందయ్యా."

"తప్పేం లేదమ్మా. మొన్న సాయంత్రం సియోల్ నుంచి ఫోన్లో చెప్పారు. నేనే అక్షరం అక్షరం రాసుకున్నాను. ఈ రోజు పొద్దున ఇవ్వమన్నారు. నిన్న టీవీ చూశాక వద్దంటారేమోనని చూశాను. ఎవరూ వద్దన్లేదు, తెచ్చేశాను."

రెండో పక్క ఉన్న పేరు ఇన్‌సున్‌కి తెలుసు. ఒకప్పుడు దోక్‌సు కింద కెప్టెన్‌గా చేసినవాడు, ఇప్పుడు అధ్యక్షుడి కార్యాలయంలో ఉంటాడు. ఇలాంటి విషయాల్లో గాలివార్త నమ్మి కుండీ పంపే మనిషి కాడు. అంటే మొన్న సాయంత్రం దాకా ఆ పేరు దోక్‌సుదే. నిన్న మధ్యాహ్నానికి తేగ్యుది అయింది. మధ్యలో ఏదో జరిగింది, దాన్ని భర్త తనకి చెప్పలేదు. ఆమె రిబ్బను విప్పి మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనం వేళకి తేగ్యు వచ్చాడు. యూనిఫాంలో లేడు, మామూలు చొక్కా వేసుకుని వచ్చాడు. వరండాలో కుండీల మధ్య దారి వెతుక్కుంటూ, ఖాళీ రిబ్బన్లు చూసి ఒక్క నిమిషం ఆగాడు గానీ ఏమీ అడగలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే. వాళ్ళమ్మ పోయేనాటికి వాడు స్కూలు పిల్లాడు. ఇన్‌సున్ అప్పట్నుంచీ వాడికి వండి పెడుతూనే ఉంది. తను లెఫ్టినెంట్‌ని పెళ్ళి చేసుకున్నాక, బావని చూసి వాడూ అకాడమీలో చేరాడు. మొదటి రోజుల్లో బూట్లు ఎలా మెరిపించాలో వాడికి నేర్పింది కూడా దోక్‌సే.

"తిన్నావా?"

"లేదక్కా. పొద్దుట్నుంచీ చేతులు కలపడమే సరిపోయింది. ఏముంది?"

"నిన్నటి పులుసు మాడింది. ఇవాళ్టిది ఉంది."

ఆమె వడ్డించింది. వాడు సగం గిన్నె తిన్నాక చెంచా పక్కన పెట్టాడు.

"అభినందనలు చెప్పవా?"

"అభినందనలు తేగ్యూ."

"అలా కాదక్కా." అని వాడు నవ్వబోయి మానేశాడు. "ఒకటి అడగడానికి వచ్చాను. రేపు పొద్దున అధ్యక్షుడి దగ్గర పదవీ స్వీకారం. కత్తికి పట్టీ కడతాడు."

జనరల్ అయిన రోజున ఇచ్చే కత్తి అది. పై నక్షత్రం వచ్చినప్పుడు అధ్యక్షుడు దాని పిడికి తన చేత్తో ఒక పట్టీ కడతాడు. అప్పుడు అధికారి పక్కన భార్య ఉంటుంది. ఆమెకి పూలగుత్తి ఇస్తారు. తేగ్యు భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు.

"పక్కన ఎవరూ లేకుండా నిలబడితే బాగుండదక్కా. ఫొటోలు రేపు దేశమంతా చూస్తుంది. నాకు నువ్వు కాక ఎవరున్నారు? వస్తావా?"

"ఊఁ" అంది ఇన్‌సున్.

అన్నాక, అదే పొద్దున అదే వేళకి మైదానంలో భర్త పక్కన కూడా తను నిలబడాలని గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, అంతకు ముందే గుర్తుంది. ఆయన అర్థం చేసుకుంటాడులే అనుకుంది. ఈ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా అర్థం చేసుకునే పని ఆయనదే. అర్థం చేసుకునేవాడికి ఎప్పుడూ అదే వాటా వస్తుంది, మిగతావాళ్ళు మిగతావి పంచుకుంటారు.

బయట కారు తలుపు చప్పుడైంది. దోక్‌సు లోపలికి వచ్చి బావమరిదిని చూశాడు. తేగ్యు లేచి నిలబడ్డాడు. ఇంతకాలం ఈ ఇంట్లో ముందు చెయ్యి లేపేది తేగ్యే. ఇవాళ దోక్‌సు మడమలు కలిపి, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

"బావా, ఇదేంటి? ఇంట్లో కూడానా?"

"ఇంట్లోనే గానీ యూనిఫాంలో ఉన్నాను కదా, సార్. రేపు విప్పేశాక మళ్ళీ ఒరేయ్ అంటాలే." ఆయన టోపీ తీసి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. "కూర్చో, అన్నం చల్లారిపోతోంది."

తేగ్యు కూర్చున్నాడు. కాసేపు ముగ్గురూ తిన్నారు.

"బావా, అక్క రేపు నాతో సియోల్ వస్తానంది" అన్నాడు తేగ్యు, గిన్నెలోకి చూస్తూ.

దోక్‌సు ఒక ముద్ద తిని, మింగి, తలూపాడు. "మంచిదే. నిన్ను పెంచిన మనిషి. పక్కన నిలబడే హక్కు ఆవిడదే."

"మరి మైదానంలో మీ పక్కన?" అంది ఇన్‌సున్.

"దళం జెండా ఉంటుందిగా. పొడుగ్గానే ఉంటుంది."

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఇన్‌సున్ దానికి నవ్వలేదు, నొచ్చుకోలేదు కూడా. జేబులోంచి రిబ్బను తీసి, కిమ్చీ గిన్నె పక్కన పరిచింది. బంగారు అక్షరాలు పైకి ఉన్నాయి.

"ఇది వచ్చింది. ఏంటిది?"

దోక్‌సు చదివి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వాడికి తొందరెక్కువ. కెప్టెన్‌గా ఉన్నప్పుడూ అంతే."

"ఏమండీ. మొన్న సాయంత్రం ఏం జరిగింది?"

"అన్నం తిననీ ఇన్‌సున్."

"తినండి. తింటూ చెప్పండి."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె గొంతు పెంచలేదు, కళ్ళల్లో నీళ్ళు లేవు. ఏడిస్తే ఓదార్చి తప్పించుకునేవాడు. ఆ వీలు లేకపోయింది.

"ఫోనొచ్చింది. ఎవరు చేశారో వదిలెయ్యి. కుర్చీ మీకే అనుకుంటున్నాం అన్నారు. కాకపోతే ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు పై మెట్ల మీద ఉంటే జనం నోళ్ళు ఊరుకోవు, ఒక్కరే ఉండాలి అన్నారు. మీరు సైన్యాధిపతి అయితే, మొదటి వారంలోనే మీ బావమరిదిని ఇంటికి పంపించేస్తారా అని అడిగారు."

తేగ్యు చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది.

"మీరేమన్నారు?"

"మా ఆవిడని అడిగి చెబుతానన్నాను."

ఇంకెవరైనా అయితే నమ్మరు. మూడు నక్షత్రాల జనరల్, వెనక లక్ష తుపాకులున్న మనిషి, అధ్యక్షుడి మనుషులతో అన్న మాట అది. ఇన్‌సున్ నమ్మింది. ఇంటికి కొత్త తెర కొనాలన్నా ఆయన అనేది ఆ మాటే.

"వాళ్ళు నవ్వారు" అన్నాడు దోక్‌సు. "తమాషాకి అన్నాననుకున్నారు. కాదండీ, నిజంగానే అడగాలి, వాడు ఆవిడ తమ్ముడు అన్నాను. అప్పుడు నవ్వడం మానేశారు. మంచిది, మళ్ళీ చేస్తాం అని పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగే మాటా అది? నువ్వు అవునన్నా కాదన్నా, ఆ తర్వాత ఈ బల్ల దగ్గర మనం ముగ్గురం కూర్చోగలమా?"

ముగ్గురూ ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. ఇన్‌సున్ తమ్ముడి వైపు తిరిగింది.

"తేగ్యూ. నిన్నేం అడిగారు?"

"చాలా అడిగారక్కా. ఆస్తులూ, స్నేహాలూ..."

"తేగ్యూ."

వాడు చాప్‌స్టిక్స్ రెండూ సరిగ్గా పక్కపక్కన ఉండేలా సర్దాడు. "అదే అడిగారు. బావ సంగతి."

"ఏమన్నావు?"

"ఎలాగూ బావ వెళ్ళాల్సిందే కదక్కా. పై బ్యాచ్. నేను పంపినా పంపకపోయినా రూలు ప్రకారం ఆయనే వెళ్ళిపోతారు. అందులో నేను కొత్తగా చేసిందేముంది? పైగా బావని ముందే అడిగారని నాకు తెలీదు, ఒట్టు."

"ఏమన్నావని అడిగాను."

"అవునన్నాను."

బామ్మర్ది బతక్కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత. సామెతలు కట్టినవాళ్ళకి సైన్యాధిపతి కుర్చీ గురించి తెలియదు.

"ఎంతసేపు ఆలోచించి చెప్పావు?" అంది ఇన్‌సున్.

తేగ్యు రెండు చెంపలూ ఎర్రబడ్డాయి, స్కూలు పిల్లాడి చెంపల్లా. దోక్‌సు చెయ్యి చాపి ఆ రిబ్బను మడతపెట్టబోయాడు.

"పోనీ ఇన్‌సున్. వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎలాగూ వెళ్ళేవాణ్ణే."

"మీరు ఊరుకోండి. ఇవాళ ఒక్కరోజు అర్థం చేసుకోకండి."

కోపం వస్తే బాగుండునని ఆమెకి అనిపించింది. గిన్నె విసిరి కొట్టేది, తమ్ముణ్ణి గుమ్మం దిగమనేది, తర్వాత ఏడ్చి తేలికపడేది. లోపల వెతికితే ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక్క సంగతి, అది చల్లగా, స్పష్టంగా కనిపిస్తోంది. ఇందాక వీడు తనని అడిగింది కూడా అదే ప్రశ్న. నా పక్కన నిలబడటానికి బావని వదిలేసి వస్తావా అని అడిగాడు. ఆమె పులుసు గిన్నె చేత్తో పట్టుకుని 'ఊఁ' అంది. భర్త ఒక్కడే ఇంకొకరిని అడగాలన్నాడు. తమ్ముడికి, తనకి ఆ అవసరం తోచలేదు. ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళేనని ఆమెకి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

"అక్కా, నువ్వు రాకపోయినా పర్లేదు" అన్నాడు తేగ్యు. "ఒక్కణ్ణే నిలబడతాను."

"వస్తానన్నాను కదా."

దోక్‌సు తలెత్తి ఆమెని చూశాడు. ఆమె బల్ల మీది గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"పూలిచ్చేటప్పుడు అధ్యక్షుడు ఏమైనా మాట్లాడతాడా, ఊరికే చేతిలో పెట్టేస్తాడా?"

"మాట్లాడతాడక్కా. ఇంట్లోవాళ్ళు ఎంత కష్టపడితే ఈ రోజు వచ్చిందో అని, అలాంటివి. ఒక్క నిమిషం."

"మనం బదులు చెప్పొచ్చా?"

"ధన్యవాదాలు అంటే చాలు." తేగ్యు ఆగాడు. "టీవీ వాళ్ళు ఉంటారక్కా. మైకులుంటాయి."

"ఉండనీ. ఆయన మనుషులు మీ బావని ఒక మాట అడిగారు. నన్నడిగి చెబుతానన్నారు ఈయన. నా జవాబు వినకుండానే ఫోను పెట్టేశారు. అంత దూరం వెళ్తున్నాను కదా, చెప్పి వస్తాను."

దోక్‌సు చేతిలో రిబ్బను సగం మడతలో అలాగే ఉండిపోయింది. తేగ్యు కుర్చీ వెనక్కి జరుపుకుని లేచాడు.

"ఏమని చెబుతావక్కా?"

ఇన్‌సున్ గిన్నెలన్నీ తొట్టిలో పెట్టి, కుళాయి తిప్పింది.

"కారు ఎన్నింటికి పంపుతున్నావు?" అంది.